రాయిని చూడడం, రాసిపెట్టడం: కడప కొండల్లో ఫీల్డ్‌వర్క్

భూవిజ్ఞానశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేస్తున్న జూనియర్లు మొదటి ఫీల్డ్ క్యాంపుకు బయలుదేరే ముందు అడిగే ప్రశ్నలు చాలావరకు సామాన్ల గురించే ఉంటాయి. ఏ సుత్తి మంచిది, బూట్లు ఎలాంటివి కొనాలి, దిక్కూ వాలూ కొలిచే బ్రంటన్ కంపాస్ సొంతంగా ఉండాలా, ఫోనులో యాప్ సరిపోతుందా అని అడుగుతారు. వీటికి జవాబు చెప్పడం కష్టమేమీ కాదు. అయితే క్యాంపు ముగిసి, నమూనాల సంచులు డిపార్ట్‌మెంటు అల్మారాలో సర్దేసి, కొన్ని నెలల తర్వాత డిసర్టేషన్ రాయడానికి కూర్చున్నప్పుడు ఆధారంగా మిగిలేది ఫీల్డ్ నోటుబుక్కు ఒక్కటే. అందులోకి ఎక్కనిది ఆ రోజు ఎంత స్పష్టంగా కంటపడినా శాస్త్రం దృష్టిలో లెక్కలోకి రాదు. అందుకని ఈ టపాలో సామాన్ల సంగతి క్లుప్తంగా ముగించి, రాతి ముందు నిలబడి ఏం చూడాలో, చూసినదాన్ని ఎలా రాసిపెట్టాలో వివరంగా చెప్పదలచుకున్నాను. ఉదాహరణలన్నీ నేను నేర్చుకున్న చోటు నుంచే, అంటే కడప బేసిన్ (ఒకప్పటి పల్లంలో ఇసుక, బురద పొరలుగా పేరుకుని రాయైన ప్రాంతం) నైరుతి అంచు నుంచే తీసుకుంటున్నాను.

ఈ పనికి కడప బేసిన్ అంత అనువైన చోటు దక్షిణ భారతంలో అరుదు. నెలవంక ఆకారంలో సుమారు 440 కిలోమీటర్ల పొడవున, మధ్యలో 145 కిలోమీటర్ల దాకా వెడల్పున, 44 వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న ఈ పొరల రాశిని విలియం కింగ్ పరిశీలించి, 1872లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున నివేదికగా వెలువరించాడు. నేటికీ మనం వాడే పేర్లలో చాలా వరకు ఇక్కడి ఊళ్ళవే. గువ్వలచెరువు పేరిట గుల్చేరు క్వార్ట్‌జైట్ (గట్టిపడిన ఇసుకరాయి), దానిపైన వేంపల్లె డోలమైటు (మెగ్నీషియం ఉండి సున్నపురాయిని పోలిన రాయి), ఆపైన పులివెందుల క్వార్ట్‌జైట్, తాడిపత్రి షేలు (బురద గట్టిపడిన పలకల రాయి), గండికోట క్వార్ట్‌జైట్ వస్తాయి. పడమటి, నైరుతి భాగాల్లో పొరలు పెద్దగా ముడతలు పడకుండా సన్నని వాలుతో ఉంటాయి కనుక కొత్తవాళ్ళకు ఇవి చక్కగా చదువుకోవచ్చు. తూర్పున నల్లమల వైపు పొరలు మడతలు పడి, భ్రంశాలతో (పొరలు తెగి జరిగిన పగుళ్ళతో) చిక్కుపడి ఉంటాయి. మొదటి క్యాంపునే అక్కడ పెట్టే పద్ధతి నాకు నచ్చదు, ఎందుకంటే తిన్నగా ఉన్న పొరను కొలవడం చేతికి అలవాటు కాకముందే మడతను కొలవమంటే విద్యార్థి అంకెలు రాసుకుంటాడే గాని వాటి అర్థం పట్టుకోలేడు.

బయలుదేరే ముందు చేయవలసిన పనిలో ముఖ్యమైనది పటం చదవడం. సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 టోపోషీటులో (ఎత్తుపల్లాలు చూపే పటంలో) రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరుకు సమానం. కడప పట్టణం 57 జె సంఖ్య గల షీటు పరిధిలోకి వస్తుంది. కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ఎక్కడ దగ్గరపడ్డాయో, ఎక్కడ దూరమయ్యాయో ముందే చూసుకుంటే క్వార్ట్‌జైట్ గట్టు ఎక్కడ మొదలవుతుందో ఇంటి దగ్గరే సగం తెలిసిపోతుంది. క్వార్ట్‌జైట్ కోతకు లొంగకుండా నిటారు గోడలా నిలబడుతుంది, షేలు అరిగిపోయి పల్లమవుతుంది, గ్రానైటు నేల గుండ్లతో, మట్టి మైదానంతో కనిపిస్తుంది. అదే ప్రాంతపు ఉపగ్రహ చిత్రాన్ని పటం పక్కన పెట్టుకుని, రంగు మారిన చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటే మొదటి రోజు ఎటు నడవాలన్న సందిగ్ధం ఉండదు. జియలాజికల్ సర్వే వారి భూకోశ్ పోర్టల్‌లో భూవిజ్ఞాన పటాలు కూడా దొరుకుతాయి. అయితే వాటిని చూసిన తర్వాత ఫీల్డులో ప్రతిదీ ఆ పటంలో ఉన్నట్టే కనిపించడం మొదలవుతుంది కాబట్టి, విద్యార్థులు మొదటి రెండు రోజులు వాటిని తెరవకపోవడమే మేలని నా అభిప్రాయం. ఈ విషయంలో నాతో ఏకీభవించని అధ్యాపకులు ఉన్నారు.

అక్షాంశ రేఖాంశాల విషయంలో రెండు చిక్కులున్నాయి. పాత టోపోషీట్లు ఎవరెస్ట్ గోళాభం (భూమి ఆకారానికి వేసిన లెక్కల నమూనా) ఆధారంగా గీసినవి, ఫోనులోని జీపీఎస్ చూపేది డబ్ల్యూజీఎస్ 84 అనే మరో నమూనా ప్రకారం. సరిచేయకుండా ఒకదాని అంకెలను మరొకదాని మీద గుర్తిస్తే స్థానం వంద మీటర్లకు పైగా జరిగిపోవచ్చు, అంత దూరంలో కింది గ్రానైటు పైనున్న క్వార్ట్‌జైట్‌గా మారిపోతుంది. రెండోది యూటీఎం జోన్ల సంగతి, అంటే స్థానాన్ని మీటర్లలో చెప్పడానికి భూమిని ఆరేసి డిగ్రీల రేఖాంశ పట్టీలుగా విడదీసిన పద్ధతి. 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మన రాయలసీమ మధ్యగుండా పోతుంది. దానికి పడమట ఉన్న డోన్ 43వ జోన్‌లోకి వస్తే, తూర్పున ఉన్న బేతంచెర్ల 44వ జోన్‌లోకి వస్తుంది. నాపరాయి క్వారీలు చూస్తూ ఒకే రోజు అటూ ఇటూ తిరిగినవాళ్ళు జోన్ సంఖ్య రాయకుండా మీటర్ల అంకెలు మాత్రమే రాసుకుంటే, తర్వాత కంప్యూటర్లో వేసినప్పుడు కొన్ని బిందువులు వందల కిలోమీటర్ల అవతలికి వెళ్ళి కూర్చుంటాయి. అందుకే నోటుబుక్కు మొదటి పేజీలోనే ఏ గోళాభం, ఏ జోన్, కంపాసుకు అయస్కాంత దిక్పాతం (ముల్లు చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ మధ్య తేడా) సరిచేశారా లేదా అన్నవి రాసిపెట్టాలి. మన ప్రాంతంలో దిక్పాతం స్వల్పమే, అయినా సరిచేసినదీ లేనిదీ రాయకపోతే ఆ అంకెలు వాడేవాడికి సందేహం మిగిలిపోతుంది.

ఇక నోటుబుక్కు. గట్టి అట్ట ఉండాలి, నిలబడి ఒక చేత్తో పట్టుకుని రాయగలిగేంత చిన్నదిగా ఉండాలి, కనీసం ఒక వైపు పేజీలు గళ్ళవైతే బొమ్మలకు బాగుంటుంది. రాయడం పెన్సిలుతో, ఎందుకంటే చెమట తగిలినా, మంచినీళ్ళ సీసా మూత ఊడినా పెన్సిలు గీత చెదరదు. తప్పు రాస్తే రబ్బరుతో చెరపకూడదు. ఒకే అడ్డగీత కొట్టి పక్కన సరైనది రాయాలి, ఎందుకంటే పొద్దున కొట్టేసిన ఆలోచనే సాయంత్రానికి సరైనదని తేలడం ఫీల్డులో కొత్తేమీ కాదు. ప్రతి రోజూ కొత్త పేజీలో మొదలుపెట్టి తేదీ, వాతావరణం, వెంట ఉన్నవాళ్ళ పేర్లు, ఆ రోజు నడవదలచిన దారి రాయాలి. ఆగిన ప్రతి చోటుకూ ఒక స్థాన సంఖ్య ఇవ్వాలి. ఆ సంఖ్య క్యాంపు మొత్తానికీ వరుసగా సాగాలి, రోజూ ఒకటి నుంచి మొదలుపెట్టడం గందరగోళానికి దారి తీస్తుంది.

స్థానాన్ని అంకెలతో మాత్రమే రాసి ఊరుకోకుండా మాటల్లో కూడా రాయాలని నేను పట్టుబడతాను. రోడ్డు మలుపుకు ఏ వైపు, వాగుకు ఏ గట్టు, గుడికి ఎన్ని అడుగుల దూరం, నేల నుంచి ఎంత ఎత్తులో అన్నవి రాస్తే జీపీఎస్ అంకె ఒకటి తప్పుపడినా ఆ రాతిని తిరిగి పట్టుకోవచ్చు. నోట్సుకు నేను పెట్టే పరీక్ష ఇదొక్కటే. మనం ఎన్నడూ చూడని మరో విద్యార్థి మన బుక్కు పట్టుకుని వెళ్ళి, మనం నిలబడిన చోటే నిలబడి, మనం చేయి పెట్టిన పొర మీదే చేయి పెట్టగలగాలి.

రాసే విషయంలో చూసింది వేరుగా, అనుకున్నది వేరుగా ఉంచడం అన్నిటికంటే కష్టమైన అలవాటు. గువ్వలచెరువు ఘాట్‌లో ఒక రోడ్డు కోత ముందు నిలబడి "నదీ నిక్షేపం, అన్‌కన్ఫార్మిటీ పైన" అని ఒక్క వాక్యం రాసేవాళ్ళు చాలామంది ఉంటారు (అన్‌కన్ఫార్మిటీ అంటే కింది రాయికీ పై పొరకూ మధ్య కాలంలో పెద్ద ఖాళీ ఉన్న హద్దు). అది తప్పు కాకపోవచ్చు. కానీ రేపెవరైనా అది నది వేసిందా, సముద్రపు అంచున ఏర్పడిందా అని అడిగితే ఆ వాక్యంలో జవాబు దొరకదు. అదే చోట ఇలా రాయవచ్చు: "కోత ఎత్తు సుమారు నాలుగు మీటర్లు. కింద బూడిద-గులాబీ రంగు గ్రానైటు, ముతక రేణువులు, పై అర మీటరు మెత్తబడి చేత్తో రాలుతోంది. దానిపై గులకరాళ్ళ పొర, మందం 30 నుంచి 60 సెంటీమీటర్లు, అడుగు ఎగుడుదిగుడు. గులకల్లో ఎక్కువ భాగం తెల్లని పలుగురాయి, గుండ్రంగా అరిగినవి, పెద్దది 9 సెంటీమీటర్లు. గులకల మధ్య ముతక ఇసుక, ఫెల్స్‌పార్ ముక్కలు ఉన్నాయి. పైకి పోయేకొద్దీ గులకలు తగ్గి ఇసుకరాయి, ఏటవాలు పొరలు." ఇంత రాసిన తర్వాత కింద ఒక గీత గీసి, "అనుకుంటున్నది" అని తలకట్టు పెట్టి నది మాట రాసుకోవచ్చు. గీతకు పైన ఉన్నది పది సంవత్సరాల తర్వాత కూడా పనికొస్తుంది, కింద ఉన్నది మనతోపాటు మారుతుంది.

ఆ గ్రానైటుకూ గులకల పొరకూ మధ్యనున్న హద్దును తొందరపడి దాటిపోకూడదు. కింది గ్రానైటు నైసు శిలలు సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటివి. పై పొరల వరుసలో ఇంకా పైనున్న తాడిపత్రి పొరల్లోకి చొచ్చుకొచ్చిన పులివెందుల సిల్లు (పొరల మధ్యకు కరిగిన శిల దూరి గట్టిపడిన పలక) వయసు సుమారు 189 కోట్ల సంవత్సరాలని లెక్కగట్టారు కాబట్టి, ఆ పొరలు అంతకంటే పాతవి. గ్రానైటు నేల లోతున గట్టిపడి, దానిపైనున్న బరువంతా కోతకు కొట్టుకుపోయి, అది బయటపడి, దాని మీద గులకలు చేరడానికి పట్టిన కాలమంతా ఆ ఎగుడుదిగుడు గీతలో ఉంది. తిరుమల కనుమ దారిలో కనిపించే ఇలాంటి హద్దును జియలాజికల్ సర్వే వారు జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. అక్కడ వాహనాల రద్దీ, ఆంక్షల నడుమ తీరిగ్గా నిలబడి రాసుకోవడం కుదరదు, అందుకే నేర్చుకోవడానికి గువ్వలచెరువు వైపే వెళ్ళమంటాను. ఇక్కడ కూడా లారీలు మలుపుల్లో దూసుకొస్తాయి. మెరిసే పట్టీల కోటు వేసుకుని, రోడ్డుకు వీపు పెట్టకుండా, ఒకరిని కాపలా ఉంచి పని చేయాలి. పని ముగిశాక ఊళ్ళో ఆగి పాలకోవా తినకుండా వచ్చిన బృందాన్ని నేనింతవరకు చూడలేదు.

కోత ముందు బొమ్మ గీయడం కూడా నోట్సులో భాగమే. ఫోనుతో క్షణంలో ఫొటో వస్తుంటే బొమ్మ ఎందుకని ప్రతి బృందంలోనూ ఒకరు అడుగుతారు. ఫొటో అన్నిటినీ పట్టుకుంటుంది. నీడ, గడ్డిపోచ, తారు మరక, పొర హద్దు అన్నీ అందులో సమానంగా ఉంటాయి. బొమ్మ గీసేవాడు మాత్రం ఏ గీత హద్దు, ఏ గీత పగులు, ఏది వట్టి నీటి మరక అని ఒక్కొక్కటిగా తేల్చుకోక తప్పదు, తేల్చుకోవడానికి దగ్గరికి వెళ్ళి చూడకా తప్పదు. బొమ్మకు కళ అక్కర్లేదు. ముందు కోత బయటి అంచు, తర్వాత ముఖ్యమైన రెండు మూడు హద్దులు, తర్వాత పగుళ్ళు గీసి, షేడింగు వేయకుండా బాణాలతో పేర్లు రాయాలి. స్కేలు ఎంతో, బొమ్మ కుడి ఎడమలు ఏ దిక్కులో తప్పకుండా వేయాలి. ఫొటో తీసినప్పుడు రాతి పక్కన సుత్తో, స్కేలో, నాణెమో పెట్టి, ఫొటో సంఖ్యనూ కెమెరా చూస్తున్న దిక్కునూ స్థాన సంఖ్య పక్కనే రాయాలి. మనిషిని నిలబెట్టి తీసిన ఫొటోలో నలుగురు మిత్రులుంటే అది జ్ఞాపకంగా బాగుంటుంది గాని పొర మందం కొలవడానికి పనికిరాదు.

కంపాసు దగ్గరికి వద్దాం. డేవిడ్ బ్రంటన్ అనే గనుల ఇంజనీరు 1894లో పేటెంటు తీసుకున్న పరికరమే కొద్ది మార్పులతో ఇప్పటికీ మన చేతుల్లో ఉంది. దాని ముఖం మీద తూర్పు, పడమర అక్షరాలు తారుమారుగా ఉండడం చూసి కొత్తవాళ్ళు తయారీలో లోపమనుకుంటారు. ముల్లు ఎప్పుడూ ఉత్తరాన్నే చూపుతూ నిలబడి ఉంటే పెట్టె దాని చుట్టూ తిరుగుతుంది కాబట్టి, దిక్కు నేరుగా చదువుకోవడానికి అలా ముద్రించారు. పొర తలం మీద క్షితిజ సమాంతరంగా సాగే గీత దిక్కు స్ట్రైక్, దానికి లంబంగా పొర కిందికి వాలే కోణం డిప్. తరగతిలో చెక్క పలక మీద ఇది క్షణంలో వస్తుంది. కొండ మీద పొర పైభాగం ఎగుడుదిగుడుగా, నాచు పట్టి, మూలలు విరిగి ఉంటుంది. అప్పుడు నోటుబుక్కు అట్టను రాతి మీద ఆనించి సగటు తలాన్ని పట్టుకోవాలి, కొంచెం దూరం జరిగి ఒక కన్ను మూసి పొర గీతను దృష్టితో కలుపుకోవాలి, ఒకే చోట మూడు నాలుగు కొలతలు తీసి అవి ఎంత తేడాగా ఉన్నాయో కూడా రాయాలి. రెండు కొలతల మధ్య ఐదు డిగ్రీల తేడా ఉన్నప్పుడు ఒకదాన్ని దాచిపెట్టి చక్కనైన అంకెను మాత్రమే రాయడం నిజాయితీ కాదు.

కుడిచేతి నియమం పాటిస్తే తర్వాత గందరగోళం తగ్గుతుంది. స్ట్రైక్ దిక్కుకు ముఖం పెట్టి నిలబడితే పొర మన కుడి వైపుకు వాలాలి. పొర ఈశాన్యానికి 12 డిగ్రీలు వాలుతుంటే 310/12 అని రాస్తాం, వాలే దిక్కు దానికి 90 కలిపి 360 తీసేస్తే వచ్చే 40 డిగ్రీలు. అంకెల పక్కన "ఈ" అని వాలే దిక్కును ఒక అక్షరంగా రాసిపెట్టుకోవడం ఇంకా మంచిది, నియమం మరచిపోయిన రోజున అదే కాపాడుతుంది. సుత్తి, బెల్టు బకిల్, అయస్కాంతం ఉన్న ఫోను కవరు, రోడ్డు పక్కన ఇనుప రెయిలింగు ముల్లును లాగేస్తాయి. డోలరైటు అనే నల్లని శిల మీద పని చేసేటప్పుడు అందులోని మాగ్నటైటు అనే అయస్కాంత ఖనిజం వల్ల కూడా తేడా వస్తుంది కనుక కంపాసును రాతికి ఆనించకుండా కాస్త ఎత్తులో పట్టి చూడాలి. క్వార్ట్‌జైట్‌లో మరో ఉచ్చు ఉంది. ఏటవాలు పొరలు (ప్రవాహం ఇసుకను వాలుగా పేర్చగా ఒక పొర లోపల ఏర్పడినవి) పెద్దవిగా ఉన్న చోట వాటి వాలును అసలు పొర వాలుగా భ్రమపడి ఇరవై అయిదు డిగ్రీలు రాసుకుంటారు. పైనా కిందా వాటిని కోసేసిన సమతలాన్ని వెతికి దాన్ని కొలవాలి. ఏటవాలు పొరల వాలును వేరే వరుసలో రాసుకుంటే అది పాత ప్రవాహం ఎటు సాగిందో చెప్పే సమాచారమవుతుంది.

ఫోను యాప్‌ల మీద నాకు ద్వేషం లేదు. చక్కగా పనిచేసే ఫోను నిమిషానికి పది కొలతలు తీసి పటం మీద వేసేస్తుంది. క్యూఫీల్డ్ లాంటి ఉచిత యాప్‌లో సొంత పటాన్ని ముందే ఎక్కించుకుని, సిగ్నల్ లేని లోయలో కూడా గీయవచ్చు. అయితే ఫోను లోపలి అయస్కాంత సెన్సరు పక్కదారి పట్టినప్పుడు మనకు చెప్పదు. అందుకే పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఒకే తలాన్ని ఫోనుతోనూ కంపాసుతోనూ కొలిచి రెండూ రాసుకోవాలి. నేర్చుకునే దశలో మాత్రం చేతి కంపాసుతోనే మొదలుపెట్టడం అవసరం.

వేంపల్లె డోలమైటు దగ్గర యాసిడ్ సీసా పని మొదలవుతుంది. పది శాతానికి పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే సున్నపురాయి వెంటనే నురగలు కక్కుతుంది, డోలమైటు గీసి పొడి చేసినప్పుడే నెమ్మదిగా పొంగుతుంది. యర్రగుంట్ల సిమెంటు కర్మాగారాల నాపరాయినీ వేంపల్లె రాతినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తేడా జీవితాంతం గుర్తుండిపోతుంది. చుక్క వేసే ముందు రాతిని తడి లేకుండా తుడవాలి, కళ్ళద్దాలు పెట్టుకోవాలి, తర్వాత నీళ్ళతో కడిగేయాలి. భూతద్దాన్ని కంటికి ఆనించి రాతిని దాని దగ్గరికి తేవాలి, రాతి మీద భూతద్దం పెట్టి దూరం నుంచి చూస్తే ఏమీ కనిపించదు. పదింతలు పెంచే అద్దం మొదటి క్యాంపుకు చాలు.

ఈ డోలమైటులో స్ట్రొమటోలైట్లు కనిపిస్తాయి. కోట్ల సంవత్సరాల కిందట లోతు తక్కువ నీళ్ళలో సూక్ష్మజీవుల పొరలు ఒకదాని మీద ఒకటి పేరుకుని గుమ్మటాలుగా పెరిగిన ఆనవాళ్ళవి. గుమ్మటం పైకి ఉబ్బి ఉంటుంది కాబట్టి పొర తలకిందులైందా లేదా చెప్పడానికి ఇది మంచి సాక్ష్యం. క్వార్ట్‌జైట్ మీది అలల గుర్తులు, బురద పగుళ్ళు కూడా ఈ పని చేస్తాయి. గుమ్మటాల ఎత్తు, వెడల్పు, వాటి మధ్య దూరం, పైనుంచి చూస్తే గుండ్రంగా ఉన్నాయా సాగినట్టున్నాయా, సాగితే ఏ దిక్కుకు అన్నవి రాయాలి. సుత్తి మాత్రం ఎత్తవద్దు. రోడ్డు పక్కన చక్కగా అరిగి కనిపించే ముఖాలు తిరిగి తయారు కావు. నమూనా తప్పనిసరి అయితే కింద రాలిపడిన ముక్కల్లో వెతికి, అది సొంత చోటి నుంచి జరిగిందని రాసి తీసుకోవాలి. అందమైన ముక్కను షోకేసు కోసం పెకిలించుకునే అలవాటును అధ్యాపకులు చూసీ చూడనట్టు వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది.

మామూలు నమూనా విషయంలో, పిడికిలంత ముక్క, ఎండకూ వానకూ రంగు మారిన పై పొట్టు పోయి లోపలి తాజా ముఖం కనిపించేది చాలు. రాతిని పగలగొట్టక ముందే దాని పైముఖం మీద స్ట్రైక్ గీత, డిప్ బాణం మార్కరుతో వేసి, అంకెలు నోటుబుక్కులో రాస్తే తర్వాత ప్రయోగశాలలో పలుచని కోత కోసేటప్పుడు ఏ వైపు పైనో తెలుస్తుంది. సంఖ్యను రాతి మీదా, సంచి మీదా, బుక్కులోనూ మూడు చోట్ల రాయాలి. క్వార్ట్‌జైట్ మీద సుత్తి దెబ్బకు రవ్వలు గాజు పెంకుల్లా ఎగిరిపడతాయి, కళ్ళద్దాలు లేకుండా కొట్టేవాళ్ళను అక్కడికక్కడే ఆపాలి.

పొరల మందం కొలవడంలో కొంత లెక్క ఉంది. సమతలమైన నేల మీద పొర వంద మీటర్ల వెడల్పున కనిపించి, వాలు 12 డిగ్రీలైతే దాని అసలు మందం సుమారు 21 మీటర్లే. వాలు తీవ్రమయ్యేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. కొండ ఎక్కుతూ కొలవడానికి జేకబ్ స్టాఫ్ అనే ఒకటిన్నర మీటరు కర్ర తేలిక మార్గం. దానిపై వాలు కొలిచే క్లైనోమీటరును పొర వాలుకు సరిపడా వంచి పెట్టి, దాని వెంట చూపు సారించి ఎదురుగా ఏ రాయి తగిలిందో అక్కడికి నడిస్తే, ఒకటిన్నర మీటరు మందం దాటినట్టు. అలా ఎక్కుతూ ప్రతి పొరకూ రేణువుల పరిమాణం, రంగు, పై కింది హద్దులు పదునైనవా కలిసిపోయినవా రాసుకుంటూ, గళ్ళ పేజీలో నిలువు పట్టీ గీస్తాం. రేణువులు ముతకైతే పట్టీ వెడల్పు, సన్నవైతే ఇరుకు. ఒక రోజంతా పట్టిన నడక ఒక పేజీలో నిలబడుతుంది. దీన్ని గది చేరాక జ్ఞాపకం నుంచి గీయడం కుదరని పని.

కొండల్లో మనం ఒంటరిగా ఉండం. మేకలు కాసే పెద్దాయన ఎవరో వచ్చి చెట్టు కింద కూర్చుని కాసేపు చూసి, "ఏం సార్, బంగారముందా?" అని అడుగుతాడు. లేదని చెబితే రెండో ప్రశ్న తప్పకుండా "ఈడ బోరేస్తే నీళ్ళు పడతాయా?" అనే. కరువు సీమలో ఆ ప్రశ్న వెనుక అప్పులుంటాయి, కాబట్టి పేరు కోసం తోచిన జవాబు ఇవ్వకూడదు, భూగర్భజలాల అధికారుల దగ్గరికి వెళ్ళమని చెప్పాలి. అదే సమయంలో ఆయన బావి ఎంత లోతుకు తవ్వారు, ఎన్ని అడుగుల దగ్గర గట్టి రాయి తగిలింది, ఏ నెలలో నీళ్ళు ఎండుతాయి అని అడిగి రాసుకుంటే, మట్టి కింద దాగిన హద్దుల గురించి మనకు మరో దారిలో దొరకని సమాచారం వస్తుంది. ఖనిజాల గురించి ఊరి పేర్లతోనే అడగాలి: బెరైటీస్ కావాలంటే ముగ్గురాయి ఎక్కడుందని, స్టియటైటు కావాలంటే బలపం రాయి గురించి అడగాలి. పొలంలోకి దిగే ముందు రైతును, క్వారీలోకి వెళ్ళే ముందు యజమానిని అడగడం మర్యాద మాత్రమే కాదు, భద్రత కూడా. పాలకొండలు, శేషాచలం అడవులు ఎర్రచందనానికి పేరుపడ్డవి. అక్కడ సంచులూ సుత్తులూ మోస్తూ తిరిగేవాళ్ళను అటవీ సిబ్బంది ఆపి అడగడం సహజం. డిపార్ట్‌మెంటు లేఖ, అటవీశాఖ అనుమతి కాపీ ప్రతి ఒక్కరి జేబులోనూ ఉండాలి. మహిళా విద్యార్థులున్న బృందానికి రోజు దారి వేసేటప్పుడు మధ్యాహ్నం మరుగుదొడ్డి దొరికే ఒక ఊళ్ళో ఆగేలా చూడడం నాయకుడి పని. ఈ విషయం చెప్పుకోవడానికి బిడియపడి నీళ్ళు తాగడం మానేసేవాళ్ళుంటారు, ఎండలో అది ప్రమాదం. కడప ఎండలు తెలిసినవే కాబట్టి డిసెంబరు, జనవరి నెలలు పనికి అనుకూలం.

సాయంత్రం పని గురించి సిలబస్‌లో ఒక మాట కూడా ఉండదు, పని మాత్రం సగం అప్పుడే జరుగుతుంది. బస చేరాక స్నానం, భోజనం అయ్యాక పడుకోకుండా పగటి పెన్సిలు గీతల మీద సన్నని సిరా పెన్నుతో దిద్దుకోవాలి. స్థానాలను అసలు పటం మీదికి ఎక్కించి, ఖాయమైన హద్దును తెగని గీతగా, ఊహించినదాన్ని చుక్కల గీతగా వేయాలి. ఆ రోజు నడిచిన దారి వెంట చిన్న అడ్డకోత గీసి చూస్తే రెండు స్థానాల మధ్య వాలు పొసగని చోటు బయటపడుతుంది, అక్కడ భ్రంశమున్నదో, కొలత తేడానో మర్నాడు వెళ్ళి చూడాలి. నమూనాల జాబితాను సంచులతో సరిపోల్చి, నోటుబుక్కు పేజీలన్నిటినీ ఫొటో తీసి మరొకరి ఫోనుకు పంపాలి. హైదరాబాదు బండ్లగూడలో జియలాజికల్ సర్వే వారి శిక్షణ సంస్థ ఉంది. అలాంటి చోట శిక్షణ పొందే అవకాశం అందరికీ రాదు గాని, ఈ సాయంత్రపు క్రమశిక్షణకు సంస్థతో పనిలేదు.

క్యాంపు ప్రణాళికలో చివరి రోజును ఏ కొత్త దారికీ కేటాయించకుండా ఖాళీగా ఉంచమని నేను ప్రతి బృందానికీ చెబుతాను. రాస్తున్నంతకాలం అనుమానం తగిలిన చోటల్లా అంచున ప్రశ్న గుర్తు వేసుకుంటూ వస్తే ఆఖరికి ఒక పెద్ద జాబితా అవుతుంది: ఈ హద్దు నిజంగా ఇక్కడేనా, ఈ డోలమైటు మీద ఆమ్లం వేశామా, ఈ వాలు ఏటవాలు పొరదా అసలు పొరదా అని. ముందు రాత్రే వాటిని ఒక కాగితం మీదికి ఎక్కించి, దారి క్రమంలో పేర్చుకుని, పొద్దున్నే మొదటి బస్సుకు బయలుదేరితే చాలావరకు తీరిపోతాయి. తీరనివాటిని నివేదికలో ప్రశ్నలుగానే రాసి, పటంలో చుక్కల గీతగానే వదిలి, ఆ స్థాన సంఖ్యలను వచ్చే ఏడాది బృందానికి అందజేయాలి.